గోర్డన్ గారింట్లో అప్పగింతలు

కేకు కోసి కొంప ముంచుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. అయితే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, నన్ను చూద్దురుగాని. పాటల బృందాన్నీ, బిర్యానీ గిన్నెనీ, గులాబీల దండనీ వెంటబెట్టుకుని వెళ్లి, దుఃఖంలో ఉన్న ఒక పెద్దమనిషికి ఆయన హాల్లోనే నిలబడి అభినందనలు చెప్పి వచ్చినవాణ్ని నేను. ఆ పెద్దమనిషి నా పై అధికారి. ఆ వారంలోనే ఆయన నోటి నుంచి నాకొక మాట రావలసి ఉంది. వాన కురిసే రోజున వాగు దారిలో కారు ఆపుకుని కునుకు తీసినవాడికి కూడా మస్కట్‌లో అంత నష్టం జరిగి ఉండదు.

ఇది జరిగి పదేళ్లు కావస్తోంది. అప్పట్లో నాకు బుద్ధి తక్కువ, నోరు ఎక్కువ. ఇప్పుడు బుద్ధి కాస్త పెరిగింది. నోటి సంగతి ఇది విన్నాక మీరే చెప్పండి.

నా పేరు ఏసుదాసు. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. మస్కట్‌లో ఖురం అనే పేటలో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో ఏసీలు చూసే సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ని. ఒమన్‌లో ఏసీవాడికి ఉండే మర్యాద అంతా ఇంతా కాదు. డాక్టరు లేకపోతే రోగి ఓ పూట ఆగుతాడు, జూన్ నెలలో ఏసీ లేకపోతే డాక్టరే ఆగడు. ఇంత మర్యాద ఉన్నా నేనుండేది కంపెనీ రూమ్‌లో, ప్రసాద్ అనే భీమవరం నర్సుతో కలిసి. నా భార్య సువర్ణ, రెండేళ్ల కూతురు బ్లెస్సీ ఊళ్లో ఉండేవారు.

మా బ్లెస్సీ లెక్కలో నాన్న అంటే మనిషి కాదు, సెల్‌ఫోను. నా గొంతు అందులోంచే వస్తుంది కాబట్టి అదే నాన్న. ఛార్జింగు పెడితే "నాన్న అన్నం తింటున్నాడు" అనేది. స్విచ్చాఫ్ అయితే "నాన్న బజ్జున్నాడు" అని దాని మీద చేతిరుమాలు కప్పేది. ఈ సంగతులు చెప్పి సువర్ణ నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని. ఫోను పెట్టేశాక మాత్రం నాకు ముద్ద దిగేది కాదు.

అందుకని నాకు కావలసింది ఒకే ఒక్కటి, ఫ్యామిలీ ఫ్లాటు. ఆ జనవరిలో హాస్పిటల్‌వాళ్ల ఫ్లాటు ఒకటి ఖాళీ అయి మా డిపార్ట్‌మెంట్ వంతుకి వచ్చింది. అది ఎవరికివ్వాలో చెప్పవలసింది మా ముదీర్, అంటే మేనేజరు. పోటీలో ఇద్దరమే. ఒకణ్ని నేను, రెండోవాడు స్టోర్‌కీపర్ షాజీ, కేరళ మనిషి. షాజీ నోరు తెరిచి మాట్లాడగా విన్నవాళ్లు హాస్పిటల్‌లో తక్కువ. నేను నోరు మూసుకోగా చూసినవాళ్లు అసలే లేరు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, ఈ షాజీకి ఎవరు పెడతార్లే అని నేను ధీమాగా ఉన్నాను.

మా ముదీర్ గోర్డన్ గారు కెనడా మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, ఎర్రటి ముఖం, చిన్నపిల్లాడి మనసు. ఆయనకి ఈ లోకంలో రెండే ఇష్టం. ఒకటి చల్లగాలి, రెండోది వాళ్ల ఊరి ఫుట్‌బాల్ జట్టు. చల్లగాలి ఎలాగూ నా శాఖే. రెండోదాన్ని కూడా నా శాఖ చేసుకుంటే ఫ్లాటు నా జేబులో పడుతుందని లెక్క వేశాను.

ముందే చెబుతున్నాను, ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి ఒలిచిన కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. దాన్ని తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని పారిపోయేది ఎక్కువ. మిగతావాళ్లు కాయల దొంగ దొరికినట్టు వాడి మీద పడతారు. అమెరికాలోనూ ఇంచుమించు ఇదే ఆట. కాకపోతే కెనడావాళ్ల మైదానం పెద్దది, డబ్బు చిన్నది. అమెరికావాళ్ల మైదానం చిన్నది, డబ్బు పెద్దది. గోర్డన్ గారి బాధంతా ఈ రెండు ముక్కల్లోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన నాకు ఆట నేర్పారు, నేను ఆయనకి మన పద్ధతులు నేర్పాను. చేత్తో పప్పన్నం ఎలా కలపాలి, పెద్దవాళ్లకి ఏ చేత్తో ఇవ్వాలి, పటానికి దండ వేస్తే దాని అర్థమేమిటి, ఇలాంటివన్నీ. శ్రద్ధగా వినేవారు, ఒక్కటీ మరిచిపోయేవారు కాదు. ఆ జ్ఞాపకశక్తే నా ప్రాణానికి వచ్చింది.

గురువారం డ్యూటీ అయ్యాక ఆయన ఊరివాడే డేవ్ అని ఒకాయన వచ్చేవాడు. ఆయిల్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ఇద్దరూ క్యాంటీన్ మూలన కూర్చుని వాళ్ల జట్టు గురించి మాట్లాడుకునేవారు. నేను సులైమానీ, అంటే పాలు లేని టీ, పట్టుకుని పక్కన చేరేవాణ్ని. వాళ్లు మాట్లాడేది ఇంగ్లీషే, కానీ నా ఇంగ్లీషు వింటే మీరు బాధపడతారు కాబట్టి అందరి మాటలూ తెలుగులోనే చెబుతున్నాను.

ఆ చలికాలం వాళ్ల మాటలన్నీ ఒక కుర్రాడి చుట్టూనే తిరిగేవి. జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడట. గోర్డన్ గారు వాడి ఫొటో కట్టించి హాల్లో పెట్టుకున్నారు. సొంత మనవడి ఫొటో మాత్రం ఫ్రిజ్‌కి అంటించి ఉండేది.

"కుర్రాడు వెళ్లిపోతాడు డేవ్, నా మనసు చెబుతోంది," అన్నారు గోర్డన్ గారు.

"వెళ్లడు. మన ఊళ్లో ఇల్లు కొన్నాడు."

"అంతకుముందు వెళ్లినవాడూ కొన్నాడు."

"వీడు కుక్కని కూడా పెంచుతున్నాడు."

"వాడూ పెంచాడు."

"ఆ కుక్కేమైంది?"

"అమెరికా వెళ్లింది."

"ఇల్లు?"

"మా బావమరిది కొన్నాడు. ఇప్పటికీ తిట్టుకుంటున్నాడు."

ఇద్దరూ టీ చప్పరించారు. తర్వాత డేవ్ అన్నాడు: "అక్కడికి పోయినా ఆడనివ్వరు గోర్డ్. బెంచీ మీద కూర్చోబెడతారు."

"కూర్చోబెట్టినందుకే మన దగ్గర ఆడినదానికన్నా ఎక్కువ ఇస్తారు."

అప్పుడు నేను మధ్యలో దూరాను. దూరకపోతే నేను ఏసుదాసుని ఎలా అవుతాను?

"అయితే సర్, అమెరికా ఛాన్సు ఉన్నట్టేనా?"

"ఉంది డాస్. చాలా ఉంది," అని గోర్డన్ గారు పెద్దగా ఊపిరి వదిలారు. ఏసుదాసు ఆయన నోటికి డాస్‌గానే తిరిగేది.

"మీరేం కంగారు పడకండి సర్. మా ఫెలోషిప్‌లో కుర్రాడి కోసం ప్రార్థన పెట్టిస్తాను."

ఆయన కళ్లు మెరిశాయి. నా భుజం మీద చెయ్యి వేసి, "పెట్టించు డాస్, గట్టిగా పెట్టించు," అన్నారు.

పెట్టించాను. మా సీనియర్ నర్సు మరియమ్మక్కది అమలాపురం, ప్రార్థనలో ఆమె గొంతెత్తితే ఏసీ చప్పుడు వినపడదు. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆమె చేత శుక్రవారం శుక్రవారం చేయించాను. ఏమనుకున్నారు? కుర్రాడికి అమెరికా రావాలని!

నవ్వకండి. మా చోటు నుంచి చూడండి ఒకసారి. ఒమన్ మాకు బస్టాండు లాంటిది. అందరూ ఇంకా పెద్ద బస్సు కోసం కూర్చున్నవాళ్లే. ఒక సిస్టర్ పరీక్ష పాసై ఐర్లాండ్ వెళ్తుంటే వార్డంతా కేకు కోస్తుంది, రూమ్‌లో కృతజ్ఞతా కూడిక పెడతారు, వెళ్లే మనిషి మెడలో దండ వేస్తారు. పెద్ద చోటికి వెళ్తున్నవాణ్ని చూసి ఏడ్చిన మనిషి నాకు అప్పటిదాకా తగల్లేదు. వెళ్లలేనివాడు ఏడుస్తాడేమో, అదీ బాత్రూంలో.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచును అంటారు. నా ఖర్మకి ఆసారి దైవం కూడా నేను తలిచిందే తలిచాడు.

ఒక గురువారం గోర్డన్ గారు డ్యూటీకి రాలేదు. పదకొండు గంటలకి ఓబులమ్మ ఫోను చేసింది. ఆమెది కడప జిల్లా. గోర్డన్ గారింట్లో పనికి వెళ్లేది. ఆయన భార్య మనవణ్ని చూడటానికి కెనడా వెళ్లి ఉండటంతో ఇంట్లో ఆయన ఒక్కరే.

"ఏసుదాసన్నా, సారు ఏందో మాదిరిగా ఉండాడు. ఎర్ర చొక్కా ఏసుకోని కంప్యూటర్ ముందర కూచోని ఏడుస్తాండాడు."

"ఏడవటమేంటమ్మా? ఎవరికేమైంది?"

"పటంలో పిల్లోడు ఉండాడు కదా, వాడు అమెరికాకు పాయెనంట. పొద్దన్నించి అదే మాట. దోసె పోస్తే కూడా తినల్యా."

నా గుండె సంతోషంతో గంతేసింది. రూమ్‌కి పరిగెత్తి ప్రసాద్‌ని నిద్ర లేపాను. నైట్ డ్యూటీ చేసి పడుకున్నాడు పాపం.

"ఒరేయ్, లే! మన ప్రార్థన ఫలించింది. గోర్డన్ గారి కుర్రాడికి అమెరికా వచ్చేసింది."

"మంచిదేగా. మరి నన్నెందుకు లేపావు?"

"ఆయన పొద్దుట్నించీ ఏడుస్తున్నారట."

ప్రసాద్ లేచి కూర్చున్నాడు. "ఏడుత్తున్నాడా? అదేంట్రా, సంతోషించాలి గానీ?"

"ఆనందబాష్పాలురా పిచ్చోడా! అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి ఏడవడా? మంచి సంబంధం కుదిరిందని తెలిసీ ఏడుస్తాడు. మా మావయ్య నా పెళ్లిలో ఎలా ఏడ్చాడో గుర్తులేదూ?"

"ఆయన నిన్ను చూసి ఏడ్చాడనుకున్నాం మేమంతా."

ఆ మాట పట్టించుకోకుండా వాడి దుప్పటి లాగేశాను. ప్రసాద్ బుర్ర మాత్రం అప్పటికే పనిచేయడం మొదలెట్టింది. "ఒరే ఏసూ, ఇదే అదను. సంతోషంలో ఉన్నోడి చేతికి ఎముకుండదు. ఆదివారం ఫ్లాటు సంగతి తేల్చేత్తారంట. ఈలోగా ఏదైనా గట్టిది చెయ్యాలి."

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. గోర్డన్ గారు కరిగి ఉండగానే ఫ్లాటు చక్కబెట్టుకోవాలని తీర్మానించాం. శుక్రవారం సాయంత్రం ఆయనింట్లోనే, ఆయనకి చెప్పకుండా, కృతజ్ఞతా కూడిక!

సువర్ణకి ఫోను చేసి చెప్పాను. "ఏవండీ, వెళ్లింది ఆయన కొడుకాండీ?" అంది.

"కాదు, ఆటగాడు."

"మరి మీరెందుకండీ కేకు కోయటం?"

చూశారా, ఎక్కడో పాలకొల్లులో కూర్చున్న మనిషికి తట్టింది. "నీకు ఇక్కడి పద్ధతులు తెలియవులే," అని ఫోను పెట్టేశాను.

రూవీ బజారులో బేకరీకి వెళ్లి కోలగా ఉండే కేకు చెయ్యమన్నాను. బేకరీ అతను ఈస్టర్ ఇంకా రాలేదన్నాడు. గుడ్డు కాదయ్యా, బంతి అని చెప్పి, పైన అమెరికా జెండా వేయించి, 'శుభాకాంక్షలు, అమెరికా వెళ్లిన మన కుర్రాడికి' అని ఇంగ్లీషులో రాయించాను. మరియమ్మక్క బిర్యానీ చేసింది. గోర్డన్ గారి మెడలో వేయటానికి గులాబీల దండ కట్టించాను. శుక్రవారం ఆరాధన నుంచి తిన్నగా రావటంతో ఆడవాళ్లందరూ తెల్లచీరల్లో ఉన్నారు, మగవాళ్లం తెల్లచొక్కాల్లో ఉన్నాం.

ఓబులమ్మ తలుపు తీసింది. గోర్డన్ గారు లేరు. డేవ్ వచ్చి బీచ్‌కి నడకకి తీసుకెళ్లాడట. మేము కేకు బల్ల మీద పెట్టాం, బిర్యానీ వంటింట్లో పెట్టాం, కూర్చున్నాం. ఆయన ఎంతకీ రాలేదు.

"అన్నా, పూలు వాడిపోతాండాయి, ఈ దండ యాడన్నా తగిలించేదా?" అంది ఓబులమ్మ.

"తగిలించమ్మా," అన్నాను చూడకుండానే. నేను అప్పుడు నా ఉపన్యాసం నెమరు వేసుకుంటున్నాను.

ఆ మహాతల్లి ఆ దండని తీసుకెళ్లి కుర్రాడి పటానికి వేసింది. అంతటితో ఊరుకుందా? అందంగా ఉంటుందని ముందు రెండు కొవ్వొత్తులు కూడా వెలిగించింది. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, మరియమ్మక్క ఒక నెమ్మదైన కీర్తన ఎత్తుకుంది. అందరం కళ్లు మూసుకుని అందుకున్నాం.

ఇప్పుడు మీరు గోర్డన్ గారి కళ్లతో చూడండి. తలుపు తీయగానే హాలు నిండా తెల్లబట్టల జనం. మంద్రంగా పాట. ఎదురుగా గోడ మీద కుర్రాడి పటం. పటానికి దండ, దాని ముందు కొవ్వొత్తులు. పటానికి దండ వేస్తే అర్థమేమిటో ఆయనకి నేర్పిన మొనగాణ్ని నేనే.

చప్పుడైతే కళ్లు తెరిచాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎర్రటి ముఖం సున్నం కొట్టినట్టయింది. వెనకాల డేవ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"డాస్..." అన్నారు సన్నగా. "ఎప్పుడు?"

"నిన్ననే కదా సర్!" అన్నాను పళ్లన్నీ బయటపెట్టి.

"ఎలా?"

"అంతా దేవుడి దయ సర్."

"యాక్సిడెంటా?"

"యాక్సిడెంటేమిటి సర్, మా ప్రార్థన! ప్రతి శుక్రవారం దీని కోసమే చేశాం. మరియమ్మక్క ఉపవాసం కూడా ఉంది."

గోర్డన్ గారు మరియమ్మక్క వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. ఆమెకి ఇంగ్లీషు వేగంగా మాట్లాడితే అందదు. తన పేరు వినపడింది కదా అని వినయంగా తల వంచి నమస్కారం పెట్టింది.

ఆయన సోఫాలో కూలబడ్డారు. ఈలోగా డేవ్ బల్ల దగ్గరికి వచ్చి కేకు చదివాడు. రెండుసార్లు చదివాడు. "గోర్డ్," అన్నాడు. "వాడు బతికే ఉన్నాడు."

"ఏంటీ?"

"కుర్రాడు బతికే ఉన్నాడు. ఇది... ఇది అభినందనల కేకు."

"బతికే ఉన్నాడా!" అని ఆయన లేచి డేవ్‌ని కావలించుకున్నారు. ఒక్క క్షణం ఆ ముఖంలో ఎంత వెలుగొచ్చిందని! నా ఫ్లాటు, దాని కిటికీలు, కిటికీలకి సువర్ణ కుట్టబోయే కర్టెన్లు కూడా నాకు కనిపించాయి. తర్వాత ఆ వెలుగు మెల్లగా దిగిపోయింది. ఆయన కేకు వంక చూశారు, జెండా వంక చూశారు, నా వంక చూశారు.

"అయితే డాస్, ఇదంతా వాడు వెళ్లిపోయినందుకా?"

"అవును సర్! కంగ్రాట్స్!"

ఇక్కడైనా ఆగి ఉంటే నోరుజారినవాడిగా మిగిలేవాణ్ని. కానీ ఉపన్యాసం తయారు చేసుకుని ఉన్నాను కదా, అది కడుపులో ఊరుకోదు. గొంతు సవరించుకున్నాను.

"సర్, ఎన్నాళ్లని చిన్నచోట పడి ఉంటాడు? సత్తా ఉన్నవాడు పెద్దచోటికి వెళ్తాడు. మా సిస్టర్లు ఐర్లాండ్ వెళ్తున్నారు, మీ కుర్రాడు అమెరికా వెళ్లాడు. చిన్నచోట చివరికి మిగిలేది చేతకానివాళ్లే సర్!"

ప్రసాద్ వెనక నుంచి నా చొక్కా లాగాడు. అది కూడా మెచ్చుకోలే అనుకున్నాను.

గోర్డన్ గారు వెళ్లి పటం ముందు కొవ్వొత్తులు ఆర్పారు. తర్వాత మెల్లగా అన్నారు: "మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆ జట్టు ఆట చూపించేవాడు. మంచులో, దుప్పటి కప్పుకుని. మేము ప్రేమించిన ప్రతివాడూ వెళ్లిపోయాడు. మేము అలాగే మిగిలాం. అంటే నేను చేతకానివాణ్ని, అంతేనా డాస్?"

హాల్లో ఏసీ మాత్రం హాయిగా తిరుగుతోంది. ఆ ఏసీ కూడా నేను సర్వీసు చేసిందే. ఆ క్షణంలో అది ఆగిపోతే బాగుండును, బాగుచేసే వంకతోనైనా అక్కణ్నించి లేచిపోదును అనుకున్నాను.

మరియమ్మక్క నా చెవిలో, "ఒరే అబ్బాయ్, పేట్లు పెట్టేమంటావా?" అంది.

ఓబులమ్మ రెండో చెవిలో, "అన్నా, దండ తీసేదా, ఉంచేదా?" అంది.

"డాస్," అన్నారు గోర్డన్ గారు, "అందరినీ తీసుకుని ఇంటికి వెళ్లు."

"బిర్యానీ సర్?"

ఆయన వంటింటి వంక చూశారు. "బిర్యానీ ఉంచు," అన్నారు.

ఆదివారం పొద్దున క్షమాపణ చెబుదామని ముందుగానే ఆయన గదికి వెళ్లాను. అప్పటికే షాజీ అక్కడ ఉన్నాడు. రెండు గ్లాసుల టీ పెట్టుకుని గోర్డన్ గారి ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ మాట్లాడటం లేదు. ఇద్దరూ కిటికీలోంచి పార్కింగ్ వంక చూస్తూ నిట్టూరుస్తున్నారు. తర్వాత తెలిసింది, షాజీ వాళ్ల ఊళ్లోనూ ఫుట్‌బాల్ పిచ్చేనట. వాళ్ల ఊరి జట్టులో మంచివాడు తయారైతే చాలు, కలకత్తావాళ్లు పట్టుకుపోతారట. ఆ నొప్పి అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి ఫ్లాటు షాజీకి వెళ్లింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూసుకుంటే ఫ్లాటు మంచిదని ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ సాయంత్రం సువర్ణకి చెప్పటం నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "పోన్లెండి, మనకి రాసిపెట్టి లేదు," అంది. వెనకాల బ్లెస్సీ గొంతు వినపడింది: "అమ్మా, నాన్నకి అన్నం పెట్టు, ఎర్రలైటు వచ్చింది." బ్యాటరీ అయిపోయి ఫోను కట్ అయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ప్రసాద్ చూసి కూడా, ఇవి ఏ బాష్పాలని అడగలేదు. స్నేహితుడంటే వాడు.

ఆ తర్వాత గోర్డన్ గారు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. గురువారం క్యాంటీన్ మూలన నా కుర్చీలో షాజీ కూర్చునేవాడు. ఎండలు ముదిరాయి, ఏసీలు ఒకటొకటిగా మొరాయించటం మొదలెట్టాయి, నేను టెర్రస్సుల మీద మాడిపోయాను.

జూన్‌లో ఒక వార్త వచ్చింది. షాజీ భార్య కూడా నర్సే. వాళ్లకి వలస వీసాలు వచ్చాయట. ఎక్కడికో తెలుసా? కెనడాకి! నోరు తెరవని షాజీ తెరవకుండానే విమానం ఎక్కేస్తున్నాడు. గోర్డన్ గారికి తన ఊరి బాధ పంచుకునే మనిషి, తన దేశానికే వెళ్లిపోతున్నాడు. అంటే సంతోషించాలా, ఏడవాలా? నాకు అంతుపట్టలేదు. ఈసారి నేను కేకు జోలికీ, పాట జోలికీ వెళ్లలేదు. స్టోర్ రూమ్‌లో జరిగిన సెండాఫ్‌కి వెళ్లి, మూలన ఒక ఫిల్టర్ల డబ్బా మీద కూర్చున్నాను. పెదవులు బిగబట్టుకున్నాను.

గోర్డన్ గారు మాట్లాడుతుండగా నాకు ఒక్కసారి తట్టింది. షాజీ వెళ్తున్నాడు. షాజీ వెళ్తే ఫ్లాటు ఖాళీ. ఫ్లాటు ఖాళీ అయితే మళ్లీ మా డిపార్ట్‌మెంట్‌కే. ఇంకెవరూ పోటీ లేరు. అంటే నా బ్లెస్సీ! దాని చెయ్యి నేను పట్టుకోవచ్చు. అంతే, కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారిపోయాయి. తుడుచుకున్నకొద్దీ వచ్చాయి. ఎక్కిళ్లు కూడా మొదలయ్యాయి.

గోర్డన్ గారు మాట ఆపేశారు. అందరూ నా వంక తిరిగారు.

"డాస్! ఏమైంది?"

"వె... వెళ్లిపోతున్నాడు సర్," అన్నాను. అబద్ధం కాదు కదా.

ఆయన మెల్లగా నడిచి వచ్చి నా పక్కన ఇంకో డబ్బా మీద కూర్చుని నా భుజం చుట్టూ చెయ్యి వేశారు. ఆయన కళ్లూ తడిగా ఉన్నాయి. "ఇప్పుడు తెలిసిందా డాస్, ఎలా ఉంటుందో?"

"తెలిసింది సర్."

"మిగిలిపోయినవాళ్లకే తెలుస్తుంది."

"అవును సర్."

వెనక నుంచి ప్రసాద్ గొణిగాడు: "ఒరే, ఇయ్యి అప్పగింతల కన్నీళ్లు కాదు కదా?"

"నోర్ముయ్యి," అన్నాను ఎక్కిళ్ల మధ్య.

గోర్డన్ గారు లేచి అందరికీ వినపడేలా చెప్పారు: "ఇలా ఏడ్చే మనిషి మనల్ని వదిలి ఎక్కడికీ పోడు. షాజీ ఫ్లాటు డాస్‌కే."

అయ్యా, అమ్మా, విన్నారా! ఆయన ఏడిస్తే నేను సంతోషమనుకున్నాను, ఫ్లాటు పోయింది. నేను సంతోషంతో ఏడిస్తే ఆయన దుఃఖమనుకున్నారు, ఫ్లాటు వచ్చింది. ఇందులో నీతి ఏమిటని అడక్కండి. నాకు దొరికి ఉంటే నేనే చెప్పేవాణ్ని.

ఒక్కటి మాత్రం నిజం. ఆయన అన్నట్టే నేను ఎక్కడికీ పోలేదు. ప్రసాద్ ఐర్లాండ్ వెళ్లాడు, డేవ్ తన ఊరు వెళ్లాడు. ప్రసాద్ సెండాఫ్‌లో కేకు నేనే కోయించాను గానీ, వాడి నోట్లో ముక్క పెట్టగానే బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకున్నాను. గోర్డన్ గారి మాటకి పూర్తి అర్థం ఆ రోజు తెలిసింది నాకు.

అందుచేత షాజీ సెండాఫ్ నాడే మనసులో చేసుకున్న ప్రతిజ్ఞని ఇప్పుడు సకల జనుల ఎదుటా, పాలకొల్లు పంటకాలవ మీదా, మస్కట్ ఏసీలన్నిటి మీదా ఒట్టు వేసి మళ్లీ చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ దేశం వెళ్లినా, ఏ జట్టు మారినా, "అయ్యా, ఇది కేకా, ఏడుపా?" అని అడిగి తెలుసుకోకుండా నోరు తెరవను. పటాల దరిదాపుల్లోకి దండ పట్టుకుని పోను. ఒకరి కన్నీళ్లకి ఇంకెప్పుడూ నేను అర్థం చెప్పను.

ఈ ప్రతిజ్ఞకి మొదటి పరీక్ష షాజీ వెళ్లిన ఏడాదే, సెప్టెంబరులో వచ్చింది. సువర్ణ, బ్లెస్సీ వచ్చి కొద్ది రోజులే అయింది. బ్లెస్సీ నా ఒళ్లో కూర్చునేది, నా చేత్తో అన్నం తినేది, కానీ నన్ను "అంకుల్" అనే పిలిచేది. నాన్న ఎవరే అంటే ఫోను చూపించేది. ఒక పొద్దున అదే ఫోను మోగింది. ఓబులమ్మ.

"అన్నా! సారు మళ్లీ ఏడుస్తాండాడు! ఆ పటంలో పిల్లోన్ని అమెరికావోళ్లు పంపిచ్చేసినారంట, వాళ్ల ఊరికే వచ్చేసినాడంట. మరియమ్మక్కకు చెప్పేదా? దండ కట్టిచ్చేదా?"

నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను స్విచ్చాఫ్ చేసి బల్ల మీద బోర్లా పెట్టాను.

బ్లెస్సీ దాని వంక చూసింది, నా వంక చూసింది. పరిగెత్తుకెళ్లి చేతిరుమాలు తెచ్చి ఫోను మీద కప్పబోయి, ఏమనుకుందో, ఆగి నా తల మీద కప్పింది.

"నాన్నా, బజ్జో," అంది.

ఇవి ఏ కన్నీళ్లని మాత్రం మీరు నన్నడక్కండి.